థర్మోకోల్ రెక్కకు పడవ పూత

ఉప్పాడ ఒడ్డున ఫైబర్ పడవలు తయారుచేసే నూకరాజు పనిలో ఎంత నేర్పరో, తనకు తెలియనిది లేదనుకోవడంలోనూ అంతటివాడే. ఎవరైనా సలహా చెప్పబోతే, "సముద్రం మెచ్చిన చెయ్యిరా ఇది!" అని నవ్వేసేవాడు.

అతనికి మనవరాలు సత్యవేణి అంటే ప్రాణం. తొమ్మిదో తరగతి చదువుతున్న ఆ పిల్ల, బడిలో జరగబోయే సైన్సు ప్రదర్శన కోసం తెల్లటి థర్మోకోల్‌తో ఒక చిన్న విమానం చేసింది. దానికి మోటారు కూడా పెట్టింది. ఆదివారాలన్నీ కూర్చుని రెక్కలను గరుకు కాగితంతో నున్నగా అరగదీసింది.

"రెక్కలు మెత్తగా ఉన్నాయి తాతా. కింద పడితే విరిగిపోతాయి. పైన ఏదైనా పూత వేయాలి. ఏది పడుతుందో ముందు చూడాలి," అంది ఒకరోజు.

"చూసేదేముందే? అలల దెబ్బను తట్టుకునే రెసిన్ జిగురు, పడవలకు పూసేది, మన షెడ్డులోనే ఉంది."

"వద్దు తాతా, సాయంత్రం నేను వచ్చాక చూద్దాం," అని వేణి బడికి వెళ్ళింది.

తాత మనసు ఆగలేదు. మనవరాలు వచ్చేసరికి విమానం తళతళలాడాలి, అది చూసి ఆ పిల్ల గంతులేయాలి అనుకున్నాడు. పడవల్లో పెట్టే పసుపు ఫోమ్ మీద ఆ రెసిన్ ఎన్నోసార్లు పూసినవాడే. ఇదీ అలాంటిదేలే అనుకున్నాడు. పడవలకు వాడే మందపాటి గాజుపోగుల బట్టను రెక్క మీద పరిచి, రెసిన్‌లో ముంచిన కుంచెతో ప్రేమగా రుద్దాడు.

కుంచె కింద రెక్క మెత్తబడింది. చూస్తుండగానే కుంగిపోయింది. కంగారుగా బట్ట ఎత్తి చూస్తే అక్కడ రెక్క లేదు, రెసిన్‌కు కరిగిపోయిన జిగురు ముద్ద ఉంది.

నూకరాజు పక్కింటి మేక తొక్కేసిందని చెబుదామా అనుకున్నాడు. కానీ బడి నుంచి వచ్చిన మనవరాలి మొహం చూడగానే అబద్ధం నోటికి రాలేదు.

"నేనే పాడుచేశానమ్మా. నిన్ను సంతోషపెడదామనుకున్నాను," అన్నాడు.

వేణి వెక్కి వెక్కి ఏడ్చింది. తాత మీద అలిగి అన్నం తినకుండానే పడుకుంది. నూకరాజుకూ అన్నం సయించలేదు.

తెల్లవారి వేణి లేచేసరికి తాత అరుగు మీద, మిగిలిన థర్మోకోల్ ముక్కల ముందు కూర్చుని ఉన్నాడు.

"అమ్మడూ, దీనికి ఏం పూయాలో నాకు తెలీదు. నువ్వు చెప్పు, వింటాను," అన్నాడు.

ఎవరినీ ఏదీ అడగని తాత అలా అడిగేసరికి వేణికి కోపం నిలవలేదు. వచ్చి పక్కన కూర్చుంది.

ఇద్దరూ పనికిరాని ముక్కల మీద ఒక్కొక్కటే పూసి చూశారు. స్ప్రే రంగు ముక్కను గుంటలు గుంటలుగా తినేసింది. నీళ్ళలో కలిసే వార్నిష్ మాత్రం హాయిగా ఆరింది. దాని మీద మందపాటి బట్ట అంటిస్తే ముక్క బరువెక్కిపోయింది.

"ఇది పడవకి బలం తాతా, విమానానికి భారం," అంది వేణి.

నూకరాజు షెడ్డంతా వెతికి, దోమతెర కన్నా పల్చటి గాజుబట్ట తెచ్చాడు. వేణి కొత్త రెక్క చెక్కింది. తాత ఆ బట్టను చిన్న ముడతయినా లేకుండా పరిచి, వార్నిష్ అద్దాడు. అంత పల్చటి బట్టను అలా పరచడం ఆ ఒడ్డున ఇంకెవరికీ చేతకాదు.

ప్రదర్శన రోజున విమానం మైదానం మీద చక్కగా లేచింది. రెండు చుట్లు తిరిగాక సముద్రపు గాలికి తూలి, ఇసుకలో పల్టీ కొట్టింది. వేణి పరుగెత్తి వెళ్ళి చూస్తే రెక్క మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. దులిపి, మళ్ళీ ఎగరేసింది.

"పూత భలే కుదిరింది! ఎవరు వేశారు?" అని అడిగారు మాస్టారు.

"మా తాత," అంది వేణి గర్వంగా.

"చెయ్యి నాదేనండి. తెలివి మా మనవరాలిది," అన్నాడు ప్రదర్శన చూడవచ్చిన నూకరాజు.

నీతి: ప్రేమతో చేసే సాయమైనా సరే, ఏది తగునో అడిగి తెలుసుకుని చేస్తేనే మేలవుతుంది.