హేమవల్లి ఆకలి

అనగనగా కుంభగిరి అనే రాజ్యానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు. పెద్దకోడలు తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది. కడుపునిండా తినబట్టే బిడ్డ పెద్దదై తల్లి ప్రాణం తీసిందని రాణి నమ్మింది. ఇక మీదట కడుపుతో ఉన్న కోడలికి పూటకు చిన్న గిన్నెడు అన్నమే పెట్టాలని కట్టడి చేసింది. ప్రేమతోనే చేసింది పిల్లలూ, భయంతో చేసింది. రెండో కోడలు మాళవి నోరెత్తకుండా ఆ గిన్నెడే తింది. పిల్లికూనంత బిడ్డ పుట్టి మూడో రోజున కన్నుమూసింది. అందరూ తమ రాత అనుకున్నారు.

ఇప్పుడు మూడో కోడలు హేమవల్లికి ఐదో నెల. కూర్చుంటే ఆకలి, లేస్తే ఆకలి. ఒకనాడు భర్త మణిధరుడు కొట్టుగదిలోకి వెళితే, ఆమె గుప్పెడు పచ్చిబియ్యం నములుతూ కనిపించింది.

"అత్తయ్యతో చెప్పకండి. ఎంత ఆపుకున్నా ఈ పాడు ఆకలి ఆగడం లేదు" అని ఏడ్చింది.

మణిధరుడి గుండె తరుక్కుపోయింది. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడి దగ్గర ఆకలిని చంపే వేరు ఉందని విని, అటుకులూ బెల్లం శొంఠీ మూటగట్టుకుని బయల్దేరాడు. అమ్మ మాట తప్పేమోనని అతనికి తట్టనే లేదు, వెర్రివాడు.

అడవిలో కడుపుతో ఉన్న ఒక లేడి, "అయ్యా, ఆకలి" అంది. గుప్పెడు అటుకులు పెట్టాడు. అది అతన్ని వీపు మీద ఎక్కించుకుని, దారిలో మూడుసార్లు ఆగి మూడుసార్లు తింది. సముద్రంలో చేప కడుపునిండా గుడ్లతో ఎదురై అలాగే అడిగింది, అలాగే తింటూ ఏడు సముద్రాలూ దాటించింది. మాంత్రికుడి కొండ మీదికి మోసిన ఆడగద్దా అంతే. అందరికీ ఒకటే జబ్బేమిటా అనుకున్నాడు మణిధరుడు.

కొండ గుహలో, ఎముకల గూడులా ఒక చిలుక పంజరంలో ఉంది.

"కరాళుడి ప్రాణం నాలో ఉంది. నేను ఊపిరున్న గుడ్డు పెట్టిననాడు వాడు చస్తాడు. అందుకే రోజూ ఆ వేరు వాసన చూపించి నా ఆకలి చంపుతాడు. మూడుసార్లు పెట్టాను నాయనా, మూడుసార్లూ ఉత్త పెంకులే" అంది చిలుక.

మాళవి వదిన బిడ్డ ఎందుకు పోయిందో మణిధరుడికి అప్పుడు తెలిసింది. ఆ క్షణమే ఇంటికి పరుగెత్తాలనిపించింది. కానీ కరాళుడు బతికుండగా ఆ కొండ దిగి వెళ్ళడం ఎవరి తరమూ కాదని చిలుక చెప్పింది. మాంత్రికుడు నిద్రలో ఉండగా వేరు తీసి దాని చోట తన మూటలోని శొంఠి కొమ్ము పెట్టాడు. గుహ మూల దాక్కుని, చిలుకకు ఒక్కసారే కుక్కకుండా గంటకింత జామపండు, గంటకిన్ని గింజలు తినిపించాడు. ఏడు రోజులు పట్టింది. అక్కడ తన భార్య ఇంకో ఏడు రోజులు పస్తుంటుందని తలుచుకుని ప్రతి రోజూ ఏడ్చాడు. ఏడో రోజున చిలుక గుడ్డు పెట్టింది, కరాళుడు నిలువునా కూలిపోయాడు. వేరును సముద్రంలో పారేసి, మణిధరుడు వచ్చిన దారినే ఇల్లు చేరాడు.

హేమవల్లి మంచం మీద పుల్లలా ఉంది.

"ఆకలి జబ్బు కాదమ్మా. బిడ్డ అడుగుతోంది" అన్నాడు తల్లితో.

రాణి లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆనాటి నుంచి పొద్దున పాలు, ఆపైన రాగిజావ, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం వేయించిన శనగలు, పడుకునే ముందు పెరుగన్నం, అన్నీ కొంచెం కొంచెంగా తన చేత్తోనే పెట్టింది. నెలలు నిండాక బొద్దుగా ఆడపిల్ల పుట్టింది.

బారసాల నాడు రాణి అన్నిటికన్నా ముందు మాళవికి కంచం పట్టుకెళ్ళింది. మాళవి ఆ కంచం వంక చూసి మెల్లగా అంది:

"అత్తయ్యా, నాకు కూడా అప్పుడు చాలా ఆకలేసేది."

ఆ మాటలో కోపం లేదు. అదే రాణిని కోసేసింది.

మణిధరుడూ హేమవల్లీ పిల్లాపాపలతో చాలాకాలం చల్లగా బతికారు, కుంభగిరి పచ్చగా ఉంది. రాణికి మాత్రం బతికినన్నాళ్ళూ ఏ పూటా మొదటి ముద్ద తేలిగ్గా గొంతు దిగలేదు.