రాజుగారి మాలిమి

ఒకవైపు అడవి, ఒకవైపు సముద్రం ఎల్లలుగా మణివాడ అనే రాజ్యం ఒకప్పుడు ఉండేది. దాన్ని ఉద్దండవర్మ ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు గాని, తన గొప్పతనం మీద ఆయనకు అంతులేని నమ్మకం. సింహాసనం మీద కూర్చున్నాక ఎంతటివాడు వచ్చినా దిగి ఎదురు వెళ్లేవాడు కాడు. "మేము దిగము. లోకమే మా దగ్గరికి ఎక్కి రావాలి" అనేవాడు.

ఒకసారి ఓడ వర్తకులు ఆయనకు ఒక నల్లగుర్రాన్ని కానుకగా తెచ్చారు. అది ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. రాజు దాన్ని నాలుగువైపులా మోకులతో కట్టించి, కొరడాతో ఒళ్లు చీరించి, ఎక్కి మైదానం చుట్టూ తిరిగాడు. గుర్రం తల వేలాడేసి వణుకుతూ నడిచింది.

"ఆహా! ఇంతటి మాలిమి ఎవరికి సాధ్యం!" అన్నాడు ఆస్థాన పండితుడు యజ్ఞన్న సోమయాజులు. "కోటగుమ్మం ముందు రాతి మీద చెక్కిద్దాం ప్రభూ. 'అడవిగుర్రమును మాలిమి చేసిన మహారాజు' అని!"

రాజు మీసం దువ్వాడు. సభ చప్పట్లు చరిచింది. ఒక్క కొమ్మన చేతులు మాత్రం కదల్లేదు.

కొమ్మన ఆ కొలువులో హాస్యకవి. నోరు అదుపులో పెట్టుకోవాలని రోజూ పొద్దున్నే అనుకునేవాడు, సభలోకి రాగానే మరిచిపోయేవాడు.

"ప్రభూ, ఆ మాట అక్కడ అతకదేమో" అన్నాడు.

"ఏ మాట?"

"మాలిమి. 'లొంగదీసిన మహారాజు' అని చెక్కిస్తే సరిపోతుంది."

సోమయాజులు లేచి నిలబడ్డాడు. "మాలిమి యనగా దండించి వశపరచుకొనుట! రెంటికీ భేదమేమి?"

"పసిబిడ్డ మేనత్తకు మాలిమి అయ్యాడంటాం కదా, సోమయాజులు గారూ. ఆవిడ వాణ్ణి ఏ కొరడాతో కొట్టింది?"

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజు ముఖం ఎర్రబడింది.

"కొమ్మనా! ఉగాది కొలువు దాకా నీకు గడువు. ఆ మాటకు వేరే అర్థం ఉందని నా కళ్లకు చూపించు. చూపలేకపోయావో, మణివాడ ఎల్ల దాటి పో!"

కొమ్మన వంగి దండం పెట్టి బయటికి వచ్చాడు.

అతను లాయానికి వెళ్లి గుర్రాన్ని బుజ్జగిస్తాడనుకున్నారు అందరూ. కొమ్మన అటు తొంగి కూడా చూడలేదు. రోజూ సాయంత్రం అంతఃపురం వెనక తోటలో సంపెంగ చెట్టు కింద కూర్చుని, తోటమాలికి కథలు చెప్పడం మొదలుపెట్టాడు. ఒళ్లో ఆకుపొట్లం, అందులో నువ్వుండలు.

ఇంట్లో భార్య నాగాంబ కంగారు పడిపోయింది. "ఏమండీ, గుర్రం లాయంలో ఉంటే మీరు తోటలో కూర్చుంటారేమిటి? మూటాముల్లె సర్దమంటారా?"

"సర్దు. కాని ముందు ఇంకాసిని నువ్వులు వేయించు."

తోటలో నవ్వులు వినబడి రాజు ఒకనాడు మేడ కిటికీలోకి వచ్చాడు. కొమ్మన తలెత్తలేదు. మర్నాడు మేడమెట్ల మీద ఆకులో ఒక నువ్వుండ ఉంచి, ఏమీ ఎరగనట్టు కథ చెప్పుకుంటూ పోయాడు. కాసేపటికి చూస్తే ఆకు ఖాళీ! ఆ తర్వాత ఆకు ఒక్కొక్క మెట్టే దిగివచ్చింది. రాజూ దిగివచ్చాడు. రాజుతో కబుర్లు చెప్పేవాళ్లు ఆ కోటలో ఎవరున్నారు? అందరూ పొగిడేవాళ్లే. చివరికి ఆయన భటులను దూరంగా పంపేసి, కిరీటం పక్కన పెట్టి, గడ్డిలో కూర్చుని కథ వినసాగాడు. తోటమాలికి తప్ప ఇదంతా ఎవరికీ తెలియదు.

ఉగాది వచ్చింది. మైదానంలో సింహాసనం వేశారు. ఊరు ఊరంతా విరగబడింది.

"ముందు తమరి గుర్రాన్ని విప్పించి పిలవండి ప్రభూ" అన్నాడు కొమ్మన.

మోకులు విప్పారు. "రా!" అని గర్జించాడు రాజు. గుర్రం ఒక్క దూకున అవతలి గోడ దగ్గరికి పారిపోయింది. కొరడా ఎత్తి చూపిస్తే గోడకు కరుచుకుపోయి గజగజ వణికింది.

"సరే, నువ్వు పిలువు!" అన్నాడు రాజు పళ్లు నూరుతూ.

"దాన్ని నేను మాలిమి చెయ్యలేదు ప్రభూ."

"అయితే ఓడినట్టే!" అని ఎగిరి గంతేశాడు సోమయాజులు.

కొమ్మన సింహాసనానికి ఎదురుగా, కాస్త దూరంలో కటికనేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొట్లం విప్పాడు. ఎవరి వంకా చూడకుండా అందుకున్నాడు.

"నిన్న ఎక్కడ ఆపాం? ఆఁ... మొసలి నోట చిక్కిన మంగలి, 'మహానుభావా, గడ్డం గీయించుకుని మరీ భోంచెయ్యి' అన్నాడు. మొసలి అద్దంలో చూసుకుంది. అప్పుడేమో..."

అక్కడ ఆపి, నువ్వుండ ఒకటి నోట్లో వేసుకుని తీరిగ్గా నమలసాగాడు.

"అప్పుడేమైంది?" అన్నాడు రాజు.

కొమ్మన కొంచెం పక్కకు జరిగి చోటిచ్చాడు, అంతే. రాజు ఒక మెట్టు దిగాడు. ఇంకొకటి దిగాడు. గబగబా నడిచివచ్చి దుమ్ములో చతికిలబడి చెయ్యి చాచాడు. "ఊరించకయ్యా, చెప్పు! అప్పుడేమైంది?"

కొమ్మన ఆ చేతిలో నువ్వుండ పెట్టి లేచి నమస్కరించాడు.

"మోకు కట్టలేదు, కొరడా ఝళిపించలేదు, కనీసం రమ్మని పిలవనైనా లేదు. తమరే వచ్చారు. మాలిమి అంటే ఇదే మహారాజా!"

సేనాపతి చెయ్యి కత్తిపిడి మీదికి పోయింది. రాజు ఖాళీ సింహాసనం వంక చూశాడు, తన పట్టుబట్టలకంటిన దుమ్ము చూసుకున్నాడు.

"నన్ను గుర్రంతో పోల్చావా?"

"ఎంతమాట! గుర్రానికి ఇంకా మనుషుల మీద నమ్మకం కుదరలేదు ప్రభూ. తమరికి నా మీద కుదిరింది."

రాజు పెదవులు వణికాయి. తర్వాత భుజాలు కదిలాయి. ఇక ఆగలేక పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. ఊరంతా నవ్వింది. చివరికి సోమయాజులు కూడా ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వాడు.

రాజు తన చేతి కంకణం తీసి స్వయంగా కొమ్మనకు తొడిగి, పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. చెక్కించాలనుకున్న రాతిని గుర్రాలు నీళ్లు తాగే తొట్టిగా తొలిపించమన్నాడు.

ఆనాటి నుంచి ఆయన రోజూ గుప్పెడు పచ్చగడ్డితో లాయానికి వెళ్లేవాడు. గుర్రం ముఖం తిప్పుకునేది. ఆయన కోప్పడకుండా గడ్డి అక్కడ పెట్టి వచ్చేసేవాడు. అలా చాలాకాలం గడిచింది.

ఒకనాటి ఉదయం సభ నిండుగా ఉంది, సింహాసనం మాత్రం ఖాళీగా ఉంది. ఇంతలో ఉద్దండవర్మ పాగా జారిపోతున్నా చూసుకోకుండా, తడిసిన అరచెయ్యి పైకెత్తి, లాయం నుంచి పరుగున వచ్చాడు.

"తిన్నది! నా చేతిలోంచే తిన్నది!"