రెండో రాయి

2016 ఎండాకాలం. నెల్లూరులో ఖలీల్ ఉస్తాద్ చేసి పంపిన పళ్ళ క్యాపులు వరసగా తిరిగి రావడం మొదలైంది. వాటిని పేషెంట్లకు పెట్టే పళ్ళ డాక్టరమ్మ ప్రతిసారీ ఒకటే మాట చెప్పి పంపేది. చిగురు దగ్గర అంచు ఎడంగా ఉంది, తిండి ఇరుక్కుంటోంది, చిగురు వాస్తోంది.

ఉస్తాద్ ల్యాబులో లోహం పోసేవాడు ఏసుపాదం. ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. డాక్టరమ్మ పేషెంటు పంటి అచ్చు తీసి పంపితే, అందులో గట్టి ప్లాస్టరు పోసి పంటి నమూనా తీసేవాళ్ళు. దాన్ని రాయి అనేవాళ్ళు. ఏసుపాదం ఆ రాయి మీద మైనంతో తొడుగు చెక్కి, దాన్ని వేడికి తట్టుకునే పొడి కలిపిన ముద్దలో పాతి, పొయ్యిలో పెట్టేవాడు. మైనం కరిగిపోయిన ఖాళీలో లోహం పోసేవాడు. లోహం మీద పింగాణీ పూసి కాలిస్తే క్యాపు తయారు.

ఆ ఏడాది నుంచి ఉస్తాద్ సగం తొడుగులు చెన్నైలో చేయిస్తున్నాడు. అక్కడ మిషను లోహపు పొడిని లేజరుతో పొరలు పొరలుగా కరిగించి తొడుగు తీసేస్తుంది. మైనం లేదు, పొయ్యి లేదు. ఎండలు తగ్గాక పనంతా ఎటు పంపాలో తేలుస్తానన్నాడు ఉస్తాద్. చెన్నైకే అని తేలితే ఏసుపాదం పొయ్యి ఆరిపోతుంది. అతనికి వచ్చిన పని అదొక్కటే.

అందుకని చెన్నై నుంచి ఏ కవరు వచ్చినా అతనికి అనుమానమే. తొడుగును వెలుతురుకి పెట్టి చూసేవాడు, గోటితో గీకేవాడు, వాసన కూడా చూసేవాడు. తిరిగొచ్చిన క్యాపు చెన్నైదైతే మిషను తప్పనేవాడు. తను పోసిందైతే డాక్టరమ్మ అచ్చు సరిగా తీయలేదనేవాడు. కొన్నాళ్ళకి ఉస్తాద్ మీదా అనుమానం పడింది. చెన్నై వాళ్ళు ఈయన్ని బుట్టలో వేసుకున్నారని ఇంట్లో భార్యతో అన్నాడు.

ఉస్తాద్ అన్నీ వినేవాడు. విని తన పని చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే ఉస్తాద్‌కి ఎడమ దవడ పన్ను నొప్పి పెట్టింది. డాక్టరమ్మ వైద్యం చేసి, పన్నుని అరగదీసి, క్యాపు వేయాలంది. ఉస్తాద్ అచ్చు రెండుసార్లు తీయించుకుని రెండు రాళ్ళు పోశాడు. ఒకటి ఏసుపాదం చేతిలో పెట్టాడు. రెండోది చెన్నైకి పంపాడు.

"రెండూ చెయ్యండి. ఏది బాగుంటే అది వేసుకుంటా."

ఏసుపాదం అంత శ్రద్ధగా ఎప్పుడూ పని చేసి ఉండడు. మైనం తనకు నచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెక్కాడు. చెన్నై తొడుగు వచ్చాక, దాని కూడా వచ్చిన రాయిని ఉస్తాద్ తన దగ్గర పెట్టుకుని తొడుగు మాత్రం ఇచ్చాడు. ఏసుపాదం రెండింటికీ పింగాణీ పూసి కాల్చాడు.

పింగాణీ కాలాక అతను పోసింది కాస్త బిగుసుకుంది. రాయి మీద పూర్తిగా దిగలేదు. అలా జరగడం మామూలే. అప్పుడు ఎప్పుడూ చేసేదే చేశాడు. చిన్న కత్తితో రాయి పక్కల్ని కొంచెం గీకాడు. క్యాపు చక్కగా దిగింది. ల్యాబుల్లో చాలామంది చేసే పనే, ఎవరూ బయటికి చెప్పుకోరు.

తర్వాత చెన్నైది అదే రాయి మీద పెట్టాడు. అది కదిలింది. వేలితో తడితే టకటకమంది.

ఉస్తాద్‌ని పిలిచాడు.

"చూడండి ఉస్తాద్. మనది తలవెంట్రుక కూడా దూరనియ్యదు. వాళ్ళది ముసలాయన కట్టుడు పళ్ళలాగా ఊగతా ఉంది."

ఉస్తాద్ భూతద్దం కళ్ళకు తగిలించుకుని క్యాపుని చూశాడు. తర్వాత క్యాపు తీసి, రాయిని ఇంకాసేపు చూశాడు.

"అయితే ఏది వేసుకోమంటావు?"

"మనదే."

"బాగా ఆలోచించి చెప్పబ్బయా. పన్ను నాది."

"మనదే ఉస్తాద్. అందులో అనుమానమేముంది?"

ఉస్తాద్ ఆ క్యాపుని దూదిలో చుట్టుకుని జేబులో వేసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడు ఏసుపాదం తయారైన క్యాపులు ఇవ్వడానికి వెళితే, డాక్టరమ్మ లోపలికి పిలిచింది. మీ ఉస్తాద్ ఏంటయ్యా అంత మొండి మనిషి అంది. అంచు కింద సూది దూరుతోంది, ఇది వద్దు, ఇంకోటి చేయించుకోండని చెప్పినా వినలేదట. మావాడు సరిపోయిందన్నాడు, సిమెంటు పెట్టి అతికించేయండి అన్నాడట.

ఈవిడ కూడా చెన్నై వాళ్ళ మనిషే అనుకుంటూ ఏసుపాదం తిరిగొచ్చాడు.

అతను కూర్చునే బల్ల మీద రెండో రాయి ఉంది. దాని మీద చెన్నై క్యాపు ఉంది.

వేలితో తట్టాడు. కదల్లేదు. గోరు పెట్టి అంచు వెంబడి తిప్పాడు. గోరు ఎక్కడా ఆగలేదు. క్యాపు తీసి తన రాయి మీద పెట్టాడు. టకటకమంది. మళ్ళీ రెండో రాయి మీద పెట్టాడు. చప్పుడు లేదు. రెండు రాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూశాడు. కత్తి గీతలు ఒకదాని మీదే ఉన్నాయి. సన్నబడింది ఆ రాయే, ఉస్తాద్ నోట్లో పన్ను కాదు.

ఉస్తాద్ కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో ముందు పన్నుకి రంగు కలుపుతున్నాడు. ఏసుపాదం వెళ్ళి ఆయన వెనక నిలబడ్డాడు.

"అది తీయించెయ్యండి ఉస్తాద్. మళ్ళీ పోస్తాను."

"ఎందుకు? నీ రాయి మీద బాగా కూర్చుందిగా."

ఏసుపాదం తన బల్ల మీదున్న రాళ్ళ వైపు చూశాడు.

ఉస్తాద్ కుంచె కడిగి, పక్కన పెట్టాడు. "మరింకేం. నా నోరే తప్పయి ఉంటుందిలే."

ఆ వారంలోనే ఏసుపాదం పోసిన ఇంకొక క్యాపు పింగాణీ కాలాక దిగలేదు. అతను దాన్ని కాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. రాయి జోలికి పోలేదు. క్యాపుని పక్కన పారేసి, మళ్ళీ మైనం వెచ్చబెట్టుకున్నాడు. ఉస్తాద్ అటు చూసి, తన పనిలో పడ్డాడు.

ఎండలు తగ్గాయి. పొయ్యి ఆరలేదు. చెన్నైకి కవర్లు వెళ్ళడమూ ఆగలేదు. డాక్టరమ్మ నుంచి తిరిగొచ్చే క్యాపులు తగ్గిపోయాయి. నోట్లో ఉన్న క్యాపు తీయించుకోమని ఏసుపాదం చాలాసార్లు అడిగాడు. ఉస్తాద్ ఆ వైపే నమిలేవాడు.

తర్వాతి ఏడాది వానాకాలంలో క్యాపు కింద పుచ్చిపోయి, ఉస్తాద్ ఎడమ దవడ పన్ను పీకేశారు.