బుర్రవారి గేదెకు హ్యాండిక్యాప్

కొండ దిగువన వేపలవలసలో బుర్రవారని ఒక కుటుంబం ఉండేది. ఇంటిపేరులోనే బుర్ర ఉంది కాబట్టి తలలో వేరే ఉండాల్సిన పని లేదని వాళ్ళ నమ్మకం.

"ఊళ్ళోవాళ్ళు ఏ పనైనా ఆలోచించి చేస్తారు. అంత టైము మనం దండగ చెయ్యం" అనేవాడు పెద్దవాడు పైడయ్య.

తమ్ముడు సన్నాసి అవునవునని తల ఊపేవాడు. కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కాలో దాచుకుని వానలో ఇంటికొచ్చే మనిషి అతను. పైడయ్య భార్య అచ్చియ్యమ్మ ఆ ఇద్దరికంటే తెలివైనదని పేరు. ఆ పేరు పెట్టుకున్నది కూడా ఆవిడే.

ఆ ఇల్లు గంగ అనే గేదె మీద నడిచేది. గంగ మేసే కొండవాలుని రిటైరైన ఇంజనీరు కేశవులుగారు కొని, చదును చేయించి, గోల్ఫు గ్రౌండు వేయించారు. తొమ్మిది గుంటలు, తొమ్మిది జెండాలు, చుట్టూ పచ్చటి గడ్డి. చుట్టుపక్కల ఇంక మేత లేదు. ఆయన న్యాయం తెలిసిన మనిషి. అందుకని ఒక పద్ధతి పెట్టారు. ఏటా ఒక పోటీ. గేదె ఉన్న ఇంటి నుంచి ఒక మనిషి ఆడాలి. గెలిచిన ఇంటికి ఆ ఏడంతా గ్రౌండులో కోసిన గడ్డి.

వాగు అవతలి పోలినాయుడికి ఆట బాగా వచ్చు. వరసగా అతనే గెలుస్తున్నాడు. గంగకి ఎముకలు లెక్కపెట్టేలా అయ్యాయి.

"ఈసారి గడ్డి రాకపోతే గంగని సంతకి తోలెయ్యడమే" అంది అచ్చియ్యమ్మ.

"అలా అనకే" అన్నాడు పైడయ్య. "నాను ఆడతాను. ఆట ఎంతసేపు నేర్చుకోవాలి?"

మర్నాడే కేశవులుగారి దగ్గరికి వెళ్ళాడు. "బాబుగారూ, ఈ ఆటలో ఎవడు గెలిచినట్టు?"

"తక్కువ దెబ్బలు కొట్టినవాడు."

అంతే. పైడయ్య బంతిని జేబులో వేసుకుని, కర్ర భుజాన పెట్టుకుని, తొమ్మిది జెండాలూ చుట్టి వచ్చాడు. "ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు బాబూ! నాకంటే తక్కువ ఎవడు కొడతాడో రమ్మనండి!"

"బంతి గుంటలో పడాలిరా నాయనా."

మళ్ళీ వెళ్ళి, ప్రతి గుంట దగ్గరా వంగుని బంతిని చేత్తో జాగ్రత్తగా లోపల పెట్టి వచ్చాడు. కేశవులుగారు లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చారు. ఆ తర్వాత కర్రతో కొట్టడం నేర్పారు. పైడయ్య కొట్టిన బంతి ముందుకి తప్ప అన్ని వైపులా వెళ్ళింది.

"నువ్వు బెంగపడకు" అన్నారాయన. "హ్యాండిక్యాప్ అని ఉంది. చేతకానివాడికి కొన్ని దెబ్బలు మాఫీ. అప్పుడే పోలినాయుడూ నువ్వూ సమానంగా ఆడగలరు. అందులోనూ గ్రౌండుని బట్టి లెక్క మారుతుంది. ఇప్పుడు చూడు, నువ్వు చదును బాటలో బజారుకెళ్తే తొందరగా వస్తావు. రాళ్ళదారిలో వెళ్తే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం నీ తప్పా, దారి తప్పా?"

"దారిదే బాబూ!"

"ఇదీ అంతే. కష్టమైన గ్రౌండులో దెబ్బలు ఎక్కువ పడతాయి. అది గ్రౌండు తప్పు. అందుకని మాఫీ పెంచుతారు. బాగా ఆడేవాడికి కొంచెం పెరుగుతుంది, నీలాంటివాడికి చాలా పెరుగుతుంది. గోతుల్లో పడేది నువ్వేగా! గ్రౌండు సులువైతే ఆ మేరకు మాఫీ తగ్గిస్తారు."

పైడయ్య ఇంటికొచ్చి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఇంకేముంది. పప్పులోకి చింతపండు తెమ్మని పంపితే, సన్నాసి చదును బాట వదిలేసి రాళ్ళదారి పట్టాడు. పొయ్యి మీద పప్పు మాడి బొగ్గయ్యాక వచ్చాడు.

"ఇంతసేపు ఏటి చేశావు మరిదీ?"

"నాను తొందరగానే వచ్చాను వదినా. దారి ఆలస్యంగా వచ్చింది. మాఫీ చేసెయ్."

అచ్చియ్యమ్మ ఆలోచించింది. "అయితే పప్పు కూడా మాడనట్టే" అని ముగ్గురికీ వడ్డించింది. మాడినదంతా దారి ఖాతాలో వేసి, మూతులు నల్లగా చేసుకుని తిన్నారు.

ఆ తర్వాత కేశవులుగారు కూతురి పురిటికని నెల్లూరు బయల్దేరారు. వెళ్తూ వెళ్తూ "పైడయ్యా, నేను వచ్చేదాకా గ్రౌండు చూసుకో. వచ్చాక పోటీ. గోల్ఫు సంఘం నుంచి గ్రౌండు కష్టం కొలిచే మేడంగారిని కూడా ఆ రోజుకే పిలిచాను" అన్నారు.

ఆయన బస్సు మలుపు తిరిగిందో లేదో, బుర్రవారి సభ మొదలైంది.

"గ్రౌండు ఎంత కష్టమైతే మనకి అంత మాఫీ గదా" అంది అచ్చియ్యమ్మ. "మరి దాన్ని సుఖంగా ఉంచడమేటి?"

"వదినా, నీ తలకాయ తలకాయ కాదు!" అన్నాడు సన్నాసి మెచ్చుకుంటూ.

అంతే. గునపాలు తీశారు. ప్రతి జెండా చుట్టూ గోతులు తవ్వారు. ఒక గోతిలో సన్నాసి పడ్డాడు. "బాగా కుదిరింది అన్నయ్యా!" అని లోపల్నించే అరిచాడు. తర్వాత వాగు నీళ్ళు మళ్ళించి గ్రౌండు నడుమ బురద చేశారు. తుమ్మ కంప తెచ్చి పరిచారు. కొండ మీది రాళ్ళు దొర్లించారు. అయినా పైడయ్యకి తృప్తి లేదు.

"ఈ గడ్డి చూడు. బంతి పడితే మెత్తగా ఒడిలో పెట్టుకుంటోంది. ఇది సుఖం కాదా?"

"సుఖమే!" అన్నారు మిగతా ఇద్దరూ.

ఇంకేముంది. పారలతో గడ్డిని వేళ్ళతో సహా చెక్కి, తట్టలకెత్తి, వాగులో పారబోశారు. కట్టుగొయ్య దగ్గర గంగ మెడ చాచి అరిచింది.

"చూశావా, దానికెంత సంబరమో!" అంది అచ్చియ్యమ్మ.

అవతలి గట్టు నుంచి పోలినాయుడు కేకేశాడు. "ఏం పైడయ్య బావా, బంగారంలాంటి గడ్డి నీళ్ళలో పోస్తున్నారేటి?"

"మీకు అర్థం కాదులే బావా! కష్టపడి కష్టం తయారు చేస్తున్నాం!"

పోలినాయుడు పొడుగాటి కొంకికర్ర తెచ్చుకుని, కొట్టుకొచ్చిన గడ్డి కొట్టుకొచ్చినట్టే లాగి, ఎండబెట్టి, పెద్ద వాము వేసుకున్నాడు.

పోటీ రోజున కేశవులుగారు వచ్చారు. గేటు దగ్గరే నిలబడిపోయారు.

"నా గ్రౌండుని ఏం చేశార్రా!"

"చూసుకోమన్నారు గదా బాబూ. ముగ్గురం రోజూ చూసుకున్నాం."

కొలిచే మేడంగారు అప్పటికే లోపలికెళ్ళింది. ఒక చెప్పు బురదలో పోయింది, చీర కంపకి చిరిగింది. "నా సర్వీసులో ఇంత కష్టమైన గ్రౌండు చూడలేదండీ" అంటూ బయటికొచ్చి, పెట్టగలిగినంత పెద్ద అంకె పెట్టింది. బుర్రవారు ముగ్గురూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు.

పోటీ మొదలైంది. పోలినాయుడి బంతి రాయికి తగిలి వెనక్కి వచ్చేది. అయినా తిట్టుకుంటూ ఒడుపుగా ఆడాడు. పైడయ్య మోకాటి లోతు బురదలో దిగి, కళ్ళు మూసుకుని బాదాడు. పోలినాయుడి కంటే ఇరవైతొమ్మిది దెబ్బలు ఎక్కువే కొట్టాడు. కానీ మాఫీ అతనికంటే ముప్ఫై ఎక్కువ వచ్చింది. కేశవులుగారు రూలు తప్పని మనిషి. మళ్ళీ మళ్ళీ కూడి చూసుకుని, నీరసంగా చెయ్యెత్తారు.

"పైడయ్య గెలిచాడు. ఈ ఏడు గడ్డంతా మీదే. కోసుకోండి."

"కోసుకుంటాం!" అని అచ్చియ్యమ్మ కొడవలి బయటికి తీసింది. అటు చూసింది. ఇటు చూసింది. రాయి, బురద, కంప. పచ్చగా ఉన్నది జెండా గుడ్డలే.

"గడ్డి ఏదయ్యా?" అంది.

"సుఖంగా ఉందని తీసేశాం గదే" అన్నాడు పైడయ్య.

మర్నాడు గంగ చెంబు అడుగు తడిసేటన్ని పాలిచ్చింది. సంతకి తోలక తప్పదేమోనని పైడయ్య గంగ పక్కనే చతికిలబడ్డాడు. అచ్చియ్యమ్మ మాత్రం చెంబులోకి తొంగిచూసి నవ్వింది.

"పిచ్చివాడా, ఇది గంగ తప్పా, గ్రౌండు తప్పా?"

"గ్రౌండుదే!"

"దానికీ హ్యాండిక్యాప్ ఉండాలా వద్దా?"

"ఆటలో దెబ్బలు తగ్గితే మంచిది కాబట్టి తీసేస్తారు" అన్నాడు సన్నాసి వేళ్ళు మడుస్తూ. "పాలు పెరిగితే మంచిది కాబట్టి కలపాలి. వదినా, ఇది నిండు చెంబు!"

ఇంకేముంది. ముగ్గురూ నిండు చెంబు పంచుకున్నారు. ఖాళీ గ్లాసులు చేత పట్టుకుని ఉఫ్ ఉఫ్ మని ఊదుకున్నారు.

"నిదానంగా తాగవయ్యా, మూతి కాలుద్ది" అంది అచ్చియ్యమ్మ.

గంగ ఇదంతా చూసింది. ఆ ఇంట్లో బుర్ర ఉన్నది దానికొక్కదానికే. పలుపు తెంపుకుని, వాగు ఈది, పోలినాయుడి వాము దగ్గరికి పోయింది. తోలబోయిన పోలినాయుడు ఆ గడ్డి ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకుని, చెయ్యి దించేశాడు. రోజూ పొద్దున్నే వెళ్ళి కడుపునిండా మేసి, సాయంత్రానికి ఇల్లు చేరడం గంగ అలవాటు చేసుకుంది. ఎముకలు కనిపించడం మానేశాయి. ఒకరోజు నురగ పొంగేలా నిజంగానే నిండు చెంబు ఇచ్చింది.

పైడయ్య ఆనందంతో గంగ మెడ కావలించుకున్నాడు. "ఇంక నిన్ను సంతకి తోలం గంగా!"

సన్నాసి మాత్రం చెంబు వైపు అనుమానంగా చూశాడు. "అన్నయ్యా, ఇది ఏ గ్రౌండులో మేసింది?"

"పోలినాయుడి వాములో."

"అక్కడ రాయి ఉందా, కంప ఉందా? సులువైన గ్రౌండు. సులువైతే ఏం చెయ్యాలన్నారు బాబుగారు?"

"తగ్గించమన్నారు!" అన్నాడు పైడయ్య. బుర్రవారు అన్యాయం చేసేవాళ్ళు కాదు.

అచ్చియ్యమ్మ చెంబు తీసుకుని వాగు గట్టుకి నడిచింది. అవతల పోలినాయుడు నోరు తెరుచుకుని చూస్తూ ఉండగా, సన్నాసి వంగుని కొలత చూస్తూ ఉండగా, పాలు వంపసాగింది.

"ఇంకొంచెం వంపు వదినా. ఇంకొంచెం. ఆ, చాలు చాలు! ఇప్పుడు సరిగ్గా నిండు చెంబు."