మాస్టారు మింగిన కోపం

విజయనగరంలో ఒక కాలనీలో ఎవరికీ ఎదురు చెప్పలేని కూర్మినాయుడు అనే డ్రాయింగు మాస్టారు ఉండేవాడు. కోపం రాక కాదు. వచ్చిన కోపాన్ని గుటుక్కున మింగేసి, పైకి నవ్వేవాడు. "మనకెందుకొచ్చిన గొడవ?" అనేవాడు.

ఆయన భార్య అచ్చియ్యమ్మ ఇంటి ఎదురుగా ఉన్న పార్కులో సంపెంగ మొక్క నాటి, బిందెలతో నీళ్లు మోసి పెంచింది. అది మేడ ఎత్తు ఎదిగింది. వానలు పడగానే పసుపుపచ్చని పూలు విచ్చి, వీధి వీధంతా ఘుమఘుమలాడేది. పువ్వు కావాలన్న ఎవరినీ అచ్చియ్యమ్మ ఉత్త చేతులతో పంపేది కాదు.

కాలనీ సంఘం అధ్యక్షుడు గవర్రాజు ఆ చెట్టు పక్కనే తన నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు.

"మాస్టారూ, ఈ కొమ్మ నా ముఖానికి అడ్డొస్తోంది. కొట్టించేస్తాను, ఏమంటారు?" అన్నాడు.

కూర్మినాయుడికి ఒళ్లు భగ్గుమంది. "మీ ఇష్టం బాబూ" అన్నాడు.

తర్వాత పండగ పందిరికి అడ్డమని గవర్రాజు ఇంకో కొమ్మ కొట్టించాడు. తన కారు మీద పూలు రాలుతున్నాయని మరొకటి. మాస్టారు లోపల పళ్లు కొరికేవాడు, బయట తలూపేవాడు.

"మీకు కోపం ఎందుకండీ, పప్పులో వేసుకోవడానికా?" అని అచ్చియ్యమ్మ మండిపడింది.

శ్రావణంలో ఒకరోజు పొద్దున్నే రంపం మోత వినబడింది. మాస్టారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. మిగిలిన కొమ్మలన్నీ నేల మీద పడి ఉన్నాయి. వాటి నిండా మొగ్గలే.

"సంపెంగ వాసనకు పాములొస్తాయట మాస్టారూ! మొదలంటా తీయించేస్తున్నాను. మీరు ఎలాగూ కాదనరు కదా, అందుకే అడగలేదు" అన్నాడు గవర్రాజు నవ్వుతూ.

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"ఆపండి!" అని మాస్టారు అరిచాడు. అన్నేళ్లలో ఆయన గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. వెళ్లి మానుకు వీపు ఆనించి నిలబడ్డాడు. "ఇక్కడ ఒక్క పామునైనా చూశావా? ఈ చెట్టు నీ సొత్తా? రంపం పెట్టాలంటే ముందు నా మీద పెట్టు!"

ఇరుగుపొరుగు బయటికొచ్చారు. "మాస్టారే ఒప్పుకుంటున్నారు గదా అని ఊరుకున్నాం. మాకూ కడుపు మండుతూనే ఉంది" అంటూ ఆయన పక్కన నిలబడ్డారు.

గవర్రాజు ముఖం మాడిపోయింది. "ఈ అరుపేదో మొదట్లోనే అరిచి ఉంటే, ఫ్లెక్సీ ఇంకోచోట కట్టుకునేవాణ్ణిగా!" అని గొణిగి, పనివాళ్లను తీసుకుని వెళ్లిపోయాడు.

అచ్చియ్యమ్మ నేల మీది మొగ్గలన్నీ ఏరి నీళ్ల గిన్నెలో వేసింది. ఒక్కటీ విచ్చుకోలేదు. మాస్టారికి ఇప్పుడు గవర్రాజు మీద కంటే తన మీదే ఎక్కువ కోపంగా ఉంది.

నీతి: అన్యాయం తొలి అడుగు వేసినప్పుడే కాదనాలి, వేళ మించాక వచ్చిన కోపం మోడుకు కాపలా కాయడానికే పనికొస్తుంది.