శూలపాణి కట్టిన భయాల దారి

చిట్టేటి ఒడ్డున రెల్లుకోన అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, కోతులు, ముంగిసలు, పూరేడు పిట్టలు కలిసి బతికేవి. శూలపాణి అనే ముళ్ళపంది కూడా అక్కడే ఉండేవాడు.

ఏటా రెల్లు ఎండే రోజుల్లో ఒక్క సాయంత్రం ఆ అడవిలో భయాల పండగ జరిగేది. ఎవరో ఒకరు తమ వాకిట్లో రెల్లుగోడలతో వంకరటింకర దారి కట్టాలి. పిల్లలు ఒక పక్క దూరి, అరుచుకుంటూ నవ్వుకుంటూ రెండో పక్క బయటపడాలి. మర్నాడు దాన్ని పీకేసి, ఆ గడ్డిని చలికాలానికి పక్కలుగా పంచుకునేవారు. పిల్లలకు ధైర్యం రావాలని పెద్దలు ఈ పండగ పెట్టారట. నన్నడిగితే పెద్దలకే అదంటే సరదా.

ఆ ఏడాది వంతు శూలపాణిది. అతను పది రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా కష్టపడ్డాడు. తొమ్మిది వంపులతో దారి కట్టాడు. గోడలకు పాము కుబుసాలు వేలాడదీశాడు. ఎండిన సొరబుర్రలకు కళ్ళు, కోరలు చెక్కాడు. ఏడో వంపు మీదికి వంగిన కొమ్మకు అడవిదున్న పుర్రెను తీగతో కట్టాడు. పండగనాడు తను గోడ అవతల దాక్కుని ముళ్ళు గలగలలాడించాలనుకున్నాడు.

ముందురోజు మువ్వమ్మ అనే పూరేడు పిట్ట చూడటానికి వచ్చింది. ఎక్కడికి వెళ్ళినా ముందు బయటికి దారి ఎక్కడుందో చూసుకోవడం ఆమె అలవాటు. అందుకే అడవిలో అందరూ ఆమెను పిరికిది అనేవారు.

"అన్నయ్యా, వంపుకో సందు వదులు. ఆకుల తెర వేస్తే చాలు. మరీ భయపడ్డ పిల్ల తెర తోసుకుని బయటికి వచ్చేస్తుంది" అంది మువ్వమ్మ.

"నీకు గాలి వీచినా భయమే చెల్లెమ్మా" అని నవ్వాడు శూలపాణి. కానీ మిగతా తల్లులు కూడా అదే మాట అనేసరికి, మొహం మాడ్చుకుని సందులు వదిలాడు.

పండగ రోజు వచ్చింది. మొదటి జట్టు పిల్లలు లోపలికి వెళ్ళారు. సగం మంది మూడో వంపు దాటకుండానే సందుల్లోంచి బయటికి దూకేశారు. ఒక కోతిపిల్ల అయితే పుర్రెను చూడనైనా చూడలేదు. శూలపాణికి తల కొట్టేసినట్టయింది. పది రోజుల కష్టం కదా మరి!

అతను గబగబా అడవితీగలు తెచ్చి, ఒక్కో సందునూ మూడు పేటలుగా బిగించి కట్టేశాడు.

"ఇక దారి ఒక్కటే. ధైర్యం ఉన్నవాళ్ళే రండి" అన్నాడు. తర్వాత తన చిన్న కూతురు సూదిని ముందుకు తోశాడు. "నా కూతుర్ని చూడండి. శూలపాణి కూతురు అరిచే రకం కాదు, పారిపోయే రకం అంతకన్నా కాదు."

సూది తండ్రి మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళడానికి మిగతా పిల్లల వెనక, వరస చివర నిలబడింది.

మువ్వమ్మ మూసేసిన సందులు చూసింది. ఆమె తన పిల్లల్ని పంపలేదు. వంపులు తిరిగిన దారి మొదలూ చివరా పక్కపక్కకే వచ్చాయి, ఆ మధ్యన కూర్చుంది. ఒక పిల్ల లోపలికి వెళ్తే ఒక రేగు గింజ ఎడమ పక్క పెట్టింది. ఒక పిల్ల బయటికి వస్తే ఒక గింజ కుడి పక్కకు జరిపింది. కుందేళ్ళు అది చూసి మూతులు మూసుకుని నవ్వుకున్నాయి.

లోపల అరుపులే అరుపులు. అరుపు వినబడ్డప్పుడల్లా శూలపాణి పొంగిపోయి ఇంకా గట్టిగా ముళ్ళు ఆడించాడు.

పొద్దు వాలింది. అరుపులు ఆగిపోయాయి. అందరూ శూలపాణి చుట్టూ చేరి మెచ్చుకుంటున్నారు. అప్పుడు మువ్వమ్మ కిందికి చూసింది. ఎడమ పక్క ఒక గింజ మిగిలి ఉంది.

"ఒక పిల్ల ఇంకా లోపలే ఉంది" అంది.

తల్లులు తమ పిల్లల్ని వెతుక్కున్నారు. అందరూ ఉన్నారు.

"నువ్వే లెక్క తప్పావు. లోపల చిన్న చప్పుడైనా లేదు కదా" అన్నాడు శూలపాణి.

"అరిచే పిల్ల సంగతి నాకు బెంగ లేదన్నయ్యా. అరవని పిల్లను తలుచుకుంటేనే భయం. సూది ఏది?"

"ఎప్పుడో వచ్చి కలుగులో పడుకుని ఉంటుంది" అంటూ అతను కలుగులోకి తొంగిచూశాడు. కలుగు ఖాళీగా ఉంది.

అప్పుడే గాలి లేచింది. రెల్లుగోడలు ఊగాయి. ఏడో వంపు మీద పుర్రె అటూ ఇటూ ఊగుతూ కిర్రుమంది. దాన్ని కట్టిన తీగ కొమ్మకు ఒరుసుకుని సగం తెగింది.

శూలపాణి దారిలోకి దూరాడు. భయానికి అతని ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. రెండో వంపులోనే అవి రెండు గోడల్లోనూ గుచ్చుకున్నాయి. ముందుకు పోలేడు. పెనుగులాడితే గోడలన్నీ ఊగి, వాటికి ఆనుకున్న పుర్రె కొమ్మ కూడా కదిలింది. ముళ్ళను వాల్చుకోవాలని చూశాడు. భయపడుతున్న ముళ్ళపందికి అది చేతకాదు.

"కదలకన్నయ్యా! నేను వెళ్తాను" అంది మువ్వమ్మ.

బయటికి దారి చూసుకోకుండా ఎక్కడా అడుగుపెట్టని పిట్ట ఆమె. ఇప్పుడు సందులన్నీ మూసేసిన చోటికి, శూలపాణి పొట్ట కిందినుంచి దూరి వెళ్ళింది. మూసేసిన సందు ఒక్కోటీ కనబడింది. అయినా ఆగలేదు.

ఏడో వంపులో సూది ముడుచుకుని ఉంది. దాని చిన్న ముళ్ళు కూడా గోడలో గుచ్చుకుపోయాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. నోరు అంతకన్నా గట్టిగా మూసుకుంది. పైన పుర్రె ఊగుతోంది.

"అమ్మా సూదీ, ఎందుకు పిలవలేదు తల్లీ?"

"నేను అరిచే రకం కాదు కదా" అని గొణిగింది సూది.

మువ్వమ్మ గొంతెత్తి కేకేసింది. "అన్నయ్యా, ఏడో వంపు! నువ్వు కట్టేసిన సందు పక్కనే ఉంది. వెనక్కి వెళ్ళి, బయటినుంచి కొరుకు!"

శూలపాణి తన ముళ్ళు కొన్ని గోడలోనే వదిలేసి వెనక్కి లాక్కున్నాడు. బయటినుంచి చుట్టు తిరిగి ఏడో వంపు దగ్గరికి వచ్చి తీగలు కొరకడం మొదలుపెట్టాడు. మూడు పేటలు. ఎంత బిగించి కట్టాడో అప్పుడు తెలిసింది. మొదటి పేట తెగింది. చిగుళ్ళు చీరుకుపోయాయి. రెండోది తెగింది. పైన తీగ పటపటమంది. మూడోది తెగగానే అతను సందులోకి సగం దూరి, రెల్లుతో సహా సూదిని బయటికి లాగాడు. మువ్వమ్మ వెనకే ఎగిరి వచ్చింది.

శూలపాణి ఒళ్ళు వెనక్కి లాక్కునేలోగా తీగ తెగి, పుర్రె సరిగ్గా అతని నడుం మీద పడింది. అతని ముళ్ళు సగానికి సగం విరిగిపోయాయి.

సూది కళ్ళు తెరిచింది. తండ్రిని చూసి, "నేను అరవలేదు నాన్నా" అంది.

శూలపాణి కూతుర్ని దగ్గరికి తీసుకున్నాడు. "ఇకమీదట అరిచెయ్యమ్మా. భయమేస్తే అరిచెయ్. నేను వస్తాను" అన్నాడు. అప్పుడు సూది గట్టిగా ఏడ్చింది. ఆ ఏడుపు విని మువ్వమ్మకు పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టయింది.

మర్నాడు గడ్డి పంచుకునేటప్పుడు అందరూ మెత్తటి రెల్లంతా మువ్వమ్మ గూటికి మోశారు. ఆమెను పిరికిది అనే నోరు మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఎవరు భయాల దారి కట్టినా, ఆమె వచ్చి సందులు చూసి సరే అన్నాకే పిల్లలు లోపలికి వెళ్ళేవారు.

శూలపాణికి ముళ్ళు మళ్ళీ మొలిచాయి. కానీ అతను ఇక వాటిని గలగలలాడించలేదు. పండగనాడు లోపలికి వెళ్ళే ప్రతి పిల్లకూ, "ఇదిగో సందు, ఇటు రావచ్చు" అని చెబుతూ ఆకుల తెర పక్కన నిలబడేవాడు.

నీతి: ఆటకైనా సరే, ఇతరులను భయపెట్టేవాడు వాళ్ళకు బయటపడే దారి మూయకూడదు.