దివానుగారి తడి తలపాగా

బంతి మడికి చోటు ఎంచేటప్పుడు ముందు ఏం చూడాలర్రా? మట్టినా? కాదు, ఎండని. కోట తోటలో పనిచేసే పోలమ్మకి ఆ సంగతి తెలుసు. దివానుగారికి తెలియదు.

"నా కిటికీ కిందే బంతి మడి కట్టు. దసరాకి పూయకపోతే నీ పని ఊడినట్టే," అన్నాడాయన.

మట్టి గుల్ల చేసి, చివికిన పెంట కలపడం పోలమ్మకో లెక్క కాదు. కానీ అక్కడ పొద్దస్తమానం కోటగోడ నీడే.

"ఎండ తగలదు దొరా!"

"నా ఆజ్ఞ ఉందిగా! ఎండెందుకే?"

"అయితే మీ తలపాగా ఉతికి ఇక్కడే ఆరేస్తాను. సాయంత్రం సభ వేళకి మీ ఆజ్ఞకి అది ఆరితే, రేపే నారు నాటుతాను."

దివాను పంతంకొద్దీ తలపాగా తీసి ఇచ్చాడు. వానాకాలపు చెమ్మ కదా, సభకి నగారా మోగేసరికి కూడా అది నీళ్లోడుతూనే ఉంది. బోడితలతో వెళ్లలేక దాన్నే చుట్టుకుని వెళ్లాడు.

"ఏమిటి దివానూ, ఆ కన్నీళ్లు?" అన్నాడు రాజు.

ముక్కు మీదుగా కారుతున్న నీళ్లు తుడుచుకుంటూ, "బంతి మడిని ఎండలోకి మార్పిస్తున్నాను మహారాజా!" అన్నాడు దివాను.

దసరాకి కోట గుమ్మాలన్నిటికీ పోలమ్మ బంతిపూల తోరణాలే.

అయ్యో, మాటల్లో పడి చూసుకోనేలేదు, నా వడియాల మీదికి నీడొచ్చేసింది! ఉండండి, ఆ మంచం ఎండలోకి జరిపి వస్తాను.